తల మీద ఒట్టు

మా లాండ్రీలో ఉతకకూడని బట్టలు ఒక్క సంచిలోనే ఉంటాయి. ఆ సంచి డ్రైయర్ వెనక గోడకి, నీళ్ళ గొట్టం పక్కనున్న కొక్కేనికి వేలాడుతుంది. కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు గెలిచిన రోజున వేసుకున్న జెర్సీలు, తుడుచుకున్న తువ్వాళ్ళు అన్నీ ఒంటి మీంచి తీసినవి తీసినట్టే అందులో పడతాయి. కెప్టెన్ తన బూటు తాడుతో మూతి బిగించి ముడి వేస్తుంది. తర్వాతి మ్యాచ్ రోజు హాల్లో మళ్ళీ ఆ కెప్టెనే విప్పాలి. ఈలోగా దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. నలుగురి మురికీ వదిలించి బతికేవాణ్ణి, నా షాపులో నా ముక్కు కిందే నాకీ శిక్ష.

ఈ నియమం లెక్కల మాస్టారు పెట్టింది. ఆయన రిటైరయ్యారు గానీ లెక్కలు ఆయన్ని వదల్లేదు. నిరుడు జట్టు ఒక మ్యాచ్ గెలిచినప్పుడు నేను ముచ్చటపడి జెర్సీలన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి పంపాను. మర్నాడే చిత్తుగా ఓడిపోయారు. ఉతికిన జెర్సీలతో ఎన్ని ఓడారో, ఉతకని వాటితో ఎన్ని గెలిచారో మాస్టారు నా కౌంటరు మీద సుద్దముక్కతో వేసి చూపించారు. నేను వాదించలేదు. నిజం చెప్పాలంటే ఆయనకంటే నాకే నమ్మకం ఎక్కువ. ఎడమ బూటు ముందు తొడుక్కున్న రోజు బేరాలు ఉండవని నమ్మే రకం నేను.

రెండో నియమం నేనే పెట్టాను, అది నోటికి సంబంధించినది. రెండు మ్యాచ్‌ల మధ్య మా అభిమానుల్లో ఎవరూ ఓడటం, పడటం, దెబ్బ తగలడం లాంటి మాటలు పలకకూడదు. పలికినవాడు మ్యాచ్ రోజు హాలు బయట నిలబడాలి. మా గుంపులో డ్రమ్ము వాయించేది బోర్డుల పెయింటరు. ఒకసారి పాపం నోరు జారి 'ఒకవేళ పోతే' అన్నాడు. మ్యాచ్ అంతా గోడ అవతల నిలబడి, లోపలి అరుపులు వింటూ డ్రమ్ము వాయించాడు. ఆ రోజు గెలిచాం కాబట్టి ఆ నియమం కూడా స్థిరపడిపోయింది.

కెప్టెన్ ఎవరో కాదు, మా అక్క కూతురు. జట్టులో అందరికంటే పొట్టిది, అందరికంటే గోల చేసేది, అందుకే చిన్నప్పుడే దాన్ని పిచ్చుక అన్నాను. ఇప్పుడు హాలు హాలంతా అదే పేరుతో అరుస్తుంది. వాళ్ళ నాన్నకి ఓడ మీద పని, ఏడాదిలో సగం నీళ్ళ మీదే. నాకా పెళ్ళీ పెటాకులూ లేవు. లాండ్రీ నేనూ అక్కా కలిసి నడుపుతాం, షాపు మీది రెండు గదుల్లో ముగ్గురం ఉంటాం. మెషిన్లు నావి, ఇస్త్రీ అక్కది, మా ఇద్దరి ప్రాణాలూ పిచ్చుకవి.

క్వార్టర్ ఫైనల్లో ఆఖరి నిమిషాన పిచ్చుక బంతి కోసం ఎగిరి వెల్లకిలా పడింది. తల నేలకి తగిలిన చప్పుడు మూడో వరసలో ఉన్న నాకు వినిపించింది. అది కాసేపు అలాగే పడుకుని, లేచి, జుట్టు సవరించుకుని రెండు ఫ్రీ త్రోలు వేసింది. రెండూ పడ్డాయి. ఒక్క పాయింటుతో గెలిచాం. కాలేజీ పుట్టిన తర్వాత సెమీఫైనల్ దాకా వెళ్ళడం అదే మొదలు. పెయింటరు డ్రమ్ము చిల్లు పడేదాకా వాయించాడు. మాస్టారు నా మెడ పట్టుకుని ఏడ్చారు. జట్టంతా దాన్ని భుజాలకెత్తుకుంటే అది మాత్రం దింపండి దింపండి అంది. సిగ్గుపడుతోంది అనుకున్నాం. దాని తల సంగతి మాలో ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తకూడదు కదా.

సెమీఫైనల్‌కి మధ్యలో ఒక రోజు ఖాళీ ఇచ్చారు. జట్టునంతా కోచ్ మేడమ్ కాలేజీ హాస్టల్లోనే ఉంచేసింది. ఆ ఖాళీ రోజున మా లాండ్రీ లాండ్రీలా లేదు. పెయింటరు నేల మీద ఒక పాత దుప్పటి పరిచి 'ఎగురు పిచ్చుకా' అని ఎర్రరంగుతో రాస్తున్నాడు. మాస్టారు స్టూలు మీద కూర్చుని, హాల్లో ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో, పోయినసారి ఎవరు ఎటువైపు కాలు మీద కాలు వేసుకున్నారో గుర్తు చేస్తున్నారు. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కూడా ఇవ్వడం మరిచిపోయి సెమీస్ గురించే మాట్లాడి వెళ్తున్నారు. అందరూ నవ్వుతూనే ఉన్నారు గానీ మాటిమాటికీ గడియారం చూస్తున్నారు. రేపటి జట్టు పోయిన మూడేళ్ళూ కప్పు ఎత్తుకుపోయిన జట్టు. వాళ్ళలో అందరికంటే పొట్టిది మా వాళ్ళలో అందరికంటే పొడుగు.

మధ్యాహ్నానికి సంచి నుంచి వాసన మొదలైంది. గెలుపు వాసన అలాగే ఉంటుందని మాస్టారు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. చెమట వాసన నాకు అలవాటే, రోజూ పీలుస్తూనే ఉంటాను. ఇది వేరు. పులిసిన వాసన, గొంతులో పట్టుకునే వాసన. మాస్టారూ పెయింటరూ టీ తాగడానికి వెళ్ళారు, అక్క పైన భోజనం చేస్తోంది. షట్టరు సగం దించి సంచి కిందికి దించాను. ముడి మీద చెయ్యి వేసి ఒకసారి షట్టరు వైపు చూశాను. దొంగతనం చేసేవాడికి కూడా అంత భయం ఉండదేమో. ఆ ముడి మళ్ళీ అలాగే వెయ్యడం నాకు చేతకాదని తెలిసి కూడా విప్పేశాను.

అన్నిటికంటే అడుగున, ఉండలా చుట్టి కుక్కిన పసుపు తువ్వాలు దొరికింది. పిచ్చుకది. అంచు చిరిగితే అక్క కుట్టిన ఆకుపచ్చ కుట్టు దానికుంది. విప్పి చూస్తే వాంతి.

నాకు మొదట భయం వేసింది సంచి గురించే. ఎంత సిగ్గుమాలిన భయమో చూడండి. సంచి విప్పాను, రేపు ఏమైనా అయితే నా వల్లే అవుతుంది అనుకున్నాను. ఆ తర్వాత తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తల నేలకి తగిలిన ఆ చప్పుడు మళ్ళీ చెవిలో వినిపించింది. తలకి దెబ్బ తగిలాక వాంతి అయితే ఊరుకోకూడదని ఎవరికి తెలియదు? చదువు రానివాళ్ళకి కూడా తెలుసు. గెలిచిన వెంటనే ఏ మూలకో వెళ్ళి కక్కుకుని, ఎవరూ విప్పరన్న ధీమాతో తువ్వాలు అడుగున దాచి, దాని మీద అందరి జెర్సీలూ వేసి, పైన తనే ముడి వేసింది. మా నియమం దానికి బీరువాలా పనికొచ్చింది.

చిన్నప్పటి నుంచీ పరీక్షలంటే వాంతి చేసుకునే పిల్లే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది పరీక్షకి ముందు, ఇది పరీక్ష గట్టెక్కాక. ఎంత సర్దిచెప్పుకున్నా మనసు ఒప్పలేదు. తువ్వాలు మెషిన్లో పడేసి, సంచికి ఏదో ఒక ముడి వేసి తగిలించి, అక్కతో హాస్టల్ దుప్పట్లు తెస్తానని అబద్ధం చెప్పి కాలేజీకి పరుగు తీశాను.

హాల్లో అమ్మాయిలు తేలిగ్గా ప్రాక్టీసు చేస్తున్నారు. పిచ్చుక కళ్ళ మీదికి టోపీ లాక్కుని ఆడుతోంది. దూరం నుంచి చూసేవాళ్ళకి అంతా బాగానే ఉంది. నేను దగ్గర్నుంచి చూశాను. బంతి వచ్చి గుండెకి తగిలాక గానీ దాని చేతులు లేవడం లేదు. నీళ్ళు తాగడానికి మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగింది. రెండేసి మెట్లు దూకే పిల్ల.

కుళాయి దగ్గర దాన్ని ఆపాను. నా మొహం చూడగానే దానికి అర్థమైపోయింది.

"సంచి విప్పావా మావయ్యా?" అంది.

"విప్పాను. నా షాపు, నా కొక్కెం, నా ముక్కు. వాంతి ఎన్నిసార్లయింది?"

"ఒక్కసారే. నిన్ననే. ఇప్పుడేం లేదు."

"టోపీ ఎందుకు మరి?"

అది టోపీ అంచు ఇంకా కిందికి లాక్కుంది. లైట్లు కొంచెం గుచ్చుకుంటున్నాయంతే అని చివరికి గొణిగింది. నేను కోచ్ మేడమ్ దగ్గరికి పోతానని ఒక అడుగు వేశాను. అది నా చొక్కా పట్టుకుంది. ఏడవడం మొదలుపెట్టింది. ఏడిస్తే తల నొప్పి ఎక్కువవుతున్నట్టు మధ్యలో ఆపుకుంటూ, కళ్ళు మూసుకుంటూ ఏడ్చింది. నాలుగేళ్ళుగా తెల్లారకుండా లేచి పరుగెత్తింది ఈ ఒక్క మ్యాచ్ కోసమే అంది. ఇదే ఆఖరి ఏడాది, ఇంకో సెమీస్ తనకి లేదు అంది. మ్యాచ్ అవగానే నేను ఏ ఆస్పత్రికి రమ్మంటే ఆ ఆస్పత్రికి వస్తానంది. అయినా నా చూపు మేడమ్ వైపే ఉంది.

అప్పుడది నా కుడిచెయ్యి పట్టుకుని తన నెత్తిన పెట్టుకుంది.

"నా తల మీద ఒట్టు మావయ్యా. అమ్మకి గానీ మేడమ్‌కి గానీ చెప్పావంటే నా మీద ఒట్టే."

నా వేళ్ళు దాని జుట్టులోకి వెళ్ళాయి. వెనకవైపు, మెడకి కాస్త పైన, కోడిగుడ్డంత వాపు నా వేళ్ళకి తగిలింది. మెత్తగా, వేడిగా ఉంది. అది పళ్ళు బిగించి నొప్పి ఓర్చుకుంది గానీ నా చెయ్యి వదల్లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఎడమ బూటుకే భయపడేవాణ్ణి. ఆ తల మీదే ఒట్టు పెట్టించుకుంది. మాట తప్పితే ఆ తలకే ఏదో అవుతుంది. మాట నిలబెట్టుకుంటే కూడా ఆ తలకే అవుతుంది. ఇంటికి ఎలా వచ్చానో నాకు గుర్తు లేదు. దుప్పట్లు ఏవిరా అని అక్క అడిగితే ఇంకా విప్పలేదన్నానట. ఆ రాత్రి నిద్ర పోయిందీ లేనిదీ నాకే తెలియదు. కళ్ళు మూస్తే ఆ వాపు వేళ్ళకి తగులుతోంది.

మర్నాడు పొద్దున ఒట్టుకి కంత వెతికాను. అమ్మకీ మేడమ్‌కీ చెప్పకూడదంది, మాస్టారికి చెప్పకూడదని అనలేదు కదా. ఆయన రాగానే స్టూలు తుడిచి కూర్చోబెట్టి, ఉదాహరణకి ఒక అమ్మాయికి అని మొదలుపెట్టాను. రెండో మాట పడకముందే ఆయన వేలు పెదవుల మీద పెట్టుకున్నారు.

"ఉదాహరణలన్నీ మ్యాచ్ అయ్యాక," అన్నారు. "నువ్వు పెట్టిన రూలే. మొహం చూస్తే తెలుస్తోంది నీ ఉదాహరణ మంచిది కాదని."

ఆయనకీ భయమే, కాకపోతే ఆయనది మ్యాచ్ భయం. నా భయం ఆయనకి తెలియదు. నేను నోరు మూసుకున్నాను. సంచి తీసుకుపోవడానికి జట్టు నుంచి ఒకమ్మాయి వచ్చింది. ముడి ఎవరు మార్చారని అడుగుతుందేమోనని నేను మెషిన్ వెనక నక్కాను. ఆ అమ్మాయి చూడనే లేదు, భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

నాలుగు గంటలకి మ్యాచ్. భోజనాల వేళకే మా గుంపు జెండాలతో, దుప్పటితో, డ్రమ్ముతో బయల్దేరింది. నేను వెనక వస్తానన్నాను. షాపులో అక్కా నేనూ మిగిలాం. అక్క పోయినసారి కట్టుకున్న చీరే కట్టుకుని, వెళ్ళేలోపు ఉన్న బట్టలు పూర్తిచేద్దామని డ్రైయర్లోంచి తీసి మడతలు పెడుతోంది. ఉన్నట్టుండి ఆమె చేతులు ఆగాయి.

"ఇది సంచిలో ఉండాల్సింది కదరా," అంది.

పసుపు తువ్వాలు ఆమె చేతిలో ఉంది. నిన్న మెషిన్లో వేసి, మిగతా బట్టలతో కలిపేసి, నేనే మరిచిపోయాను. ఏదో ఒకటి చెప్పి దాటెయ్యొచ్చు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. నేను అక్క మొహం చూశాను. ఆకుపచ్చ కుట్టు మీద వేలితో రాస్తోంది, తనకి తెలియకుండానే. మాట తప్పితే దాని తలకి ఏమవుతుందోనని నాకు భయం. అయినా నోరు తెరిచాను.

"పడినప్పుడు దెబ్బ గట్టిగా తగిలిందక్కా. వాంతి చేసుకుని అందులో దాచింది. వెలుతురు చూడలేకపోతోంది. తల వెనక ఇంత వాపుంది. చెప్పొద్దని తల మీద చెయ్యి పెట్టించుకుని ఒట్టేయించుకుంది."

అక్క నన్ను తిట్టలేదు, ఎప్పుడు తెలిసిందని కూడా అడగలేదు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకింది. ఆమె మొహంలో రక్తం లేదు.

"ఆ ఒట్టు గట్టున పెట్టి పద," అంది.

హాలు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. మా వాళ్ళు గేటు దగ్గర మమ్మల్ని చూసి గోల చేశారు. మాస్టారు నా కుర్చీ ఖాళీగా ఉంచానని చెయ్యి ఊపారు. అక్క ఎవర్నీ చూడలేదు, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ పోయింది. ఇస్త్రీ చేసిన చేతులు, బలం ఉంది. ఏమైందో అర్థంకాక మాస్టారు మా వెనకే వచ్చారు.

డ్రెస్సింగ్ రూములో అమ్మాయిలు వరసగా బెంచీ మీద కూర్చున్నారు. సంచి మధ్యలో ఉంది. పిచ్చుక దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని ముడితో తంటాలు పడుతోంది. తలుపులో నన్నూ, నా పక్కన వాళ్ళమ్మనూ చూసింది. దాని చేతులు ఆగిపోయాయి. ఆ చూపు ఇప్పటికీ నాకు కళ్ళ ముందే ఉంటుంది. నేను కోచ్ మేడమ్‌కి అంతా చెప్పేశాను. కొన్ని మాటలు రెండేసి సార్లు చెప్పాను.

పిచ్చుక నవ్వడానికి ప్రయత్నించింది. "మావయ్య సంగతి మీకు తెలుసు కదా మేడమ్, అన్నిటికీ భయమే," అంది. అమ్మాయిలు కొందరు నవ్వారు. మేడమ్ నవ్వలేదు. లేచి నిలబడమంది, కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంది. అది లేచింది. కళ్ళు మూసింది. కాలు ఎత్తీ ఎత్తకముందే పక్కకి ఒరిగింది, అక్క పట్టుకుంది.

"నువ్వు ఆడటం లేదు," అంది మేడమ్. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళమంది.

మాస్టారి కారు ఉంది, ఆయన వయసుదే. పదిహేనేళ్ళుగా ఒక్క మ్యాచ్ మానని మనిషి, జేబులోంచి తాళాలు తీసి పదండి అన్నారు. మేం బయటికి వస్తుంటే ఆట మొదలవుతున్న ఈల వినిపించింది. వెనక హాలు ఒక్కసారిగా అరిచింది. ఆయన వెనక్కి తిరగలేదు.

కారులో పిచ్చుక అక్క భుజం మీద తల పెట్టుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. నేను ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి ఎలా ఉందమ్మడూ అని అడిగాను. అది నా వైపు కూడా చూడలేదు.

"జన్మలో నీతో మాట్లాడను," అంది. "నా తల మీద ఒట్టేసి చెప్పావు. నువ్వు నాకేం కావు."

అక్క దాన్ని గదమాయించబోతే వద్దని నేనే సైగ చేశాను. అననీ. అది మాట్లాడుతోంది, మాటలు స్పష్టంగా ఉన్నాయి, ఆ మాత్రం చాలనుకున్నాను. కారు సిగ్నల్ దగ్గర ఆగింది. తర్వాత ఇంకో సిగ్నల్. దాని మాటలు ఆగిపోయాయి. నిద్రపోతోంది అని అక్క అంది, లేపు అని మాస్టారు అరిచారు. మా అక్క దాన్ని పేరు పెట్టి పిలుస్తూ, చెంపలు తడుతూ, మళ్ళీ పిలుస్తూ ఉంది. ఆ రోడ్డు నాకు ఎప్పుడూ అంత పొడుగు అనిపించలేదు.

ఆస్పత్రిలో దాన్ని చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. లోపలికి తోసుకుపోతుంటే నేను పక్కనే పరుగెత్తాను. అది కళ్ళు తెరిచింది. నన్ను చూసి నవ్వింది. చక్కగా, చిన్నప్పుడు బడి నుంచి వచ్చి షాపు కౌంటరు ఎక్కి కూర్చున్నప్పటిలా నవ్వింది.

"మావయ్యా, మ్యాచ్ రేపే కదా?" అంది. మాట ముద్దగా వచ్చింది.

భయం అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. అంతవరకూ పడ్డవన్నీ భయాలే కావు. నేను మాట తప్పానని అది మరిచిపోయింది. నా మీద కోపం మరిచిపోయింది. ఈ రోజంతా దాని తలలోంచి చెరిగిపోయింది. ఇంకా ఏమేం చెరిగిపోతున్నాయో.

"తిట్టవే," అన్నాను. మంచం పట్టుకుని ఊపేశాను. "ఇందాక తిట్టావు కదా, మళ్ళీ తిట్టు. పిచ్చుకా, నన్ను తిట్టవే."

అది ఇంకా నవ్వుతూనే ఉంది. నర్సు నా చెయ్యి విడిపించింది, తలుపులు మూసుకున్నాయి.

ఫొటోలు తీసి చూసిన డాక్టరు బయటికి వచ్చి, పుర్రె లోపల రక్తం మెల్లగా కారి గడ్డ కడుతోందన్నాడు. వెంటనే తీసేయాలి అన్నాడు. ఎప్పుడు దెబ్బ తగిలిందని అడిగాడు. అక్క చెప్పింది. అతను తల ఊపి లోపలికి వెళ్ళిపోయాడు. మ్యాచ్‌లో ఆ తలకి ఒక మోచెయ్యి తగిలి ఉంటే ఏమయ్యేదో మా ముగ్గురిలో ఎవరూ పైకి అనలేదు. మా నియమం ఆ ఒక్కసారి మాకు మేలు చేసింది.

కారిడార్లో బెంచీ మీద కూర్చున్నాం. అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని, చీర కుచ్చెళ్ళని ఇస్త్రీ చేస్తున్నట్టు అరచేత్తో నొక్కుతూనే ఉంది. నేను మాట తప్పాను కాబట్టే ఇలా అయిందని నాలో ఒక గొంతు, తప్పకపోతే ఇంకా ఘోరం అయ్యేదని ఇంకో గొంతు. రెండూ కలిసి నన్ను పీక్కుతిన్నాయి. అక్కతో అన్నాను ఒకసారి, నా నోటి వల్లే ఇదంతా అని. "నీ నోటికంత సీను లేదు, ఊరుకో," అంది. ఆ మాటకి మాస్టారు ఏడ్చారు.

చీకటి పడుతుండగా పెయింటరు వచ్చాడు. డ్రమ్ము మెడలోనే ఉంది. కర్రలు మాత్రం లేవు. అతని మొహం చూస్తేనే మ్యాచ్ సంగతి తెలిసిపోయింది, మేం అడగలేదు. గుంపులో కొందరు సంచి విప్పినవాణ్ణి తిడుతున్నారని చెప్పబోయి, మా మొహాలు చూసి ఆపేశాడు. మాస్టారు పక్కకి జరిగి అతనికి చోటిచ్చారు. లోపల్నుంచి ఎవరు వచ్చినా నలుగురం ఒకేసారి లేచి నిలబడ్డాం. వాళ్ళు వేరే ఎవరికోసమో వచ్చినవాళ్ళు.

చాలాసేపటికి డాక్టరు వచ్చి పని అయిపోయింది, రక్తం తీసేశామన్నాడు. బతుకుతుందా అని అక్క అడిగింది. బతుకుతుందన్నాడు. మరి మామూలుగా ఉంటుందా అని నేనడిగాను. లేచాక మనుషుల్ని గుర్తుపట్టాలి, జరిగింది గుర్తుండాలి, అప్పుడు చెప్తానన్నాడు. మా వాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. నా భయం మాత్రం అంగుళం కూడా తగ్గలేదు. ఆ నవ్వే నా కళ్ళ ముందు ఆడుతోంది. లేచి మళ్ళీ అలాగే నవ్వితే నేనేం చెయ్యాలి?

పొద్దున్నే నర్సు వచ్చి, కళ్ళు తెరిచింది, ఇద్దరు రావచ్చు అంది. అక్క పరుగెత్తింది. నేను బెంచీ దగ్గరే నిలబడిపోయాను. మాస్టారు వీపు మీద చెయ్యి వేసి తోస్తే వెళ్ళాను.

తలకి కట్టు కట్టి ఉంది. మొహం ఉబ్బి ఉంది. కళ్ళు మాత్రం దానివే. అమ్మా అంది, దాహం అంది. అక్క దూదితో పెదవులు తడిపింది. అమ్మని గుర్తుపట్టింది, బాగానే ఉంది. పుట్టినప్పటి నుంచీ ఉన్న మొహం, అది గుర్తుండటం పెద్ద గొప్పేం కాదు. నేను మంచం కాళ్ళ దగ్గర, కొక్కేనికి వేలాడే సంచిలా ఊగుతూ నిలబడ్డాను. అది మెల్లగా కళ్ళు నా వైపు తిప్పింది. చాలాసేపు చూసింది. నవ్వకూడదు, నవ్వకూడదు అని లోపల మొత్తుకున్నాను.

దాని కనుబొమలు ముడిపడ్డాయి. మొహం గోడ వైపు తిప్పుకుంది.

"ఇతన్ని పొమ్మను అమ్మా," అంది. "మాట్లాడనన్నాను కదా."

అక్క నోట్లో చీర చెంగు కుక్కుకుంది. నేను గదిలోంచి బయటికి వచ్చాను. తలుపు దాటగానే నేల మీదే కూలబడి, జనం చూస్తున్నారని కూడా లేకుండా భోరుమన్నాను. మాస్టారూ పెయింటరూ పరుగెత్తుకొచ్చారు. ఏమైంది, ఏమైందిరా అని మాస్టారు నా భుజాలు పట్టి కుదిపారు. ఆయన మొహం పాలిపోయింది.

"నాతో మాట్లాడదట మాస్టారూ," అన్నాను. "అన్నీ గుర్తున్నాయి దానికి."